హార్డ్‌డిస్క్ జోలికి పోని లైవ్ సీడీ

1990లలో ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలంటే ముందు హార్డ్‌డిస్క్‌ని ముక్కలు చేయాలి. నల్లటి తెర మీద ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ తెరిచి, ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంకెల్లో చెప్పాలి. ఒక్క అంకె తేడా వచ్చిందంటే ఉన్న విండోస్, దానితోపాటు ఇంట్లోవాళ్ల ఉత్తరాలు, లెక్కలు అన్నీ గంగలో కలిసినట్టే. నచ్చుతుందో లేదో తెలియని దానికోసం ఉన్నదాన్ని పణంగా పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? కొత్త సిస్టమ్ చూడాలన్న సరదా ఉన్నవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోయేవారు.

ఈ భయాన్ని తీర్చింది హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా తన మీదినుంచే సిస్టమ్‌ను నడిపే ఒక మామూలు సీడీ, అదే లైవ్ సీడీ. ఒకసారి అచ్చయ్యాక సీడీ మీద మళ్లీ ఏమీ రాయలేం. పాటలకైతే ఫరవాలేదు. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ అన్నది నిమిషానికోసారి ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది: తాత్కాలిక ఫైళ్లు, సెట్టింగులు, ఎప్పుడు ఏం జరిగిందన్న చిట్టా. అలాంటిదాన్ని రాయడానికి వీల్లేని చోటునుంచి నడపడం ఎలా?

ఆ ప్రయత్నం తొందరగానే మొదలైంది. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను ప్రకటిస్తే, మరుసటి ఏడాదే అమెరికాలోని బర్కిలీలో ఆడమ్ రిక్టర్ ‘ఇగ్‌డ్రాసిల్’ పేరుతో సీడీ మీదినుంచే నడిచే లినక్స్‌ను తెచ్చాడు. అప్పటి పీసీలకు సీడీతో బూట్ అవడం తెలియదు కాబట్టి పక్కన ఒక ఫ్లాపీ కూడా ఉండాల్సిందే. 1995లో ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు కలిసి ‘ఎల్ టొరిటో’ అనే ప్రమాణాన్ని రూపొందించాయి. దాన్ని అమలుచేసిన పీసీలు ఫ్లాపీ సాయం లేకుండానే సీడీతో బూట్ కావడం మొదలుపెట్టాయి.

అయినా సీడీ నత్తనడక అలాగే ఉంది. లైవ్ సీడీని వాడకానికి పనికొచ్చేలా చేసినవాడు జర్మనీ ఇంజనీరు క్లాస్ నాపర్. తనకు కావలసిన పనిముట్లన్నీ ఒక సీడీలో ఎక్కించుకుని ఏ కంప్యూటర్ దగ్గరైనా కూర్చుని పనిచేసుకోవాలన్నది ఆయన కోరిక. అలా 2000లో ‘నాపిక్స్’ వచ్చింది. 700 మెగాబైట్ల సీడీలో సుమారు 2 గిగాబైట్ల సాఫ్ట్‌వేర్‌ను కుదించి పెట్టాడు. కుదింపు వల్ల చోటే కాదు, సమయమూ కలిసొచ్చింది. సీడీ నుంచి చదవాల్సిన బైట్లు తగ్గాయి, వాటిని విప్పే పని ప్రాసెసర్ చిటికెలో చేసేస్తుంది. నాపిక్స్ గొప్పతనమంతా అది లేచే తీరులో కనిపించేది. డ్రైవ్ గిర్రున తిరుగుతుంటే తెర మీద వరసలు పరుగెత్తేవి. ఏ సౌండ్ కార్డు, ఏ గ్రాఫిక్స్ కార్డు, ఏ మౌస్ అని ఒక్కొక్కటీ తనే కనిపెట్టుకుంటూ పోయి, మనల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా డెస్క్‌టాప్ ముందు పెట్టేది. ఆపేటప్పుడు సీడీని తనే బయటికి తోసి, తీసుకుని ఎంటర్ నొక్కమనేది. మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ చెక్కుచెదరకుండా ఉండేది.

రాయలేని చోట రాయడమనే చిక్కు పూర్తిగా విడిపోయింది యూనియన్ ఫైల్‌సిస్టమ్‌తో. నాపిక్స్ దీన్ని 2005లో వాడుకలోకి తెచ్చింది. ఇప్పటి లైవ్ సిస్టమ్‌లు ఎక్కువగా వాడే, ఇదే కోవకు చెందిన ఓవర్‌లే ఎఫ్‌ఎస్ 2014 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే భాగం. పుస్తకం పేజీ మీద ట్రేసింగ్ కాగితం పరిచి రాసుకోవడం లాంటిదే ఇది. కింద సీడీలోని అసలు ఫైళ్లు, పైన ర్యామ్‌లో ఖాళీ పొర. చదివేటప్పుడు రెండూ కలిసి ఒక్కటిగా కనిపిస్తాయి. ఒక ఫైలు మార్చారనుకోండి, దాని నకలు పై పొరలోకి వచ్చి అక్కడ మారుతుంది. చెరిపేస్తే అసలు ఫైలు ఎక్కడికీ పోదు, ‘ఇది లేదు’ అనే గుర్తు ఒకటి పై పొరలో పడుతుంది. కరెంటు తీసేస్తే ర్యామ్‌తోపాటు ఆ పొరా పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలిసి మరొకటి లేదు. ఎంత పాడుచేసినా పాడుకాని సిస్టమ్ ముందు కూర్చుంటేనే మనిషి ధైర్యంగా అన్నీ నొక్కి చూస్తాడు.

2004లో ఉబుంటు అనే లినక్స్ వచ్చి, అడిగినవాళ్ల ఇంటికి పోస్టులో ఉచితంగా సీడీలు పంపింది. 2006 నుంచి చూడటానికీ వేసుకోవడానికీ ఒకే సీడీ అయింది. మన హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ బృందం తెలుగు మెనూలతో లినక్స్‌ను విడుదల చేసింది కూడా ఆ రోజుల్లోనే, 2005లో.

ఇప్పుడు సీడీ డ్రైవులే కనుమరుగయ్యాయి, ఆ పని పెన్‌డ్రైవ్ చేస్తోంది. వేగం పెరిగింది, కానీ పాత భరోసా కొంత తగ్గిందని గట్టిగా చెప్పాలి. నాపిక్స్ తొలినాళ్లలో హార్డ్‌డిస్క్‌ను చదవడానికి మాత్రమే తెరిచేది. ఇప్పటి లైవ్ డెస్క్‌టాప్‌లలో ఒక్క క్లిక్‌తో మీ విండోస్ ఫైళ్లు తెరుచుకుంటాయి, అక్కడ చెరిపితే నిజంగానే పోతాయి. పైగా విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల అది సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో దాని డిస్క్ మీద రాస్తే డేటా చెడే ప్రమాదముంది. షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తే ఆ బెడద ఉండదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ అవడానికి సెక్యూర్ బూట్ సెట్టింగు ముట్టుకోవాల్సి వస్తే, ముందుగా విండోస్ డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోండి. విండోస్ ఉన్నట్టుండి ఆ 48 అంకెలూ అడిగితే, అవి లేనివాళ్లు తమ ఫైళ్లకు తామే పరాయివాళ్లవుతారు.

డౌన్‌లోడ్ దగ్గరా జాగ్రత్త కావాలి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే మరో లినక్స్ సైటులోకి దొంగలు చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగదారి అమర్చిన నకిలీ ఫైలు వైపు మళ్లించారు. అందుకే దించుకున్న ఫైలు షా-256 విలువను, ఫైలుకు వేలిముద్ర లాంటి ఆ 64 అక్షరాలనూ, తయారీదారు ఇచ్చిన జాబితాలోని దానితో పోల్చాలి. ఆ జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటే దాన్నీ సరిచూడటం ఇంకా మేలు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఒప్పుకోని ల్యాప్‌టాప్ మీ ఇంట్లో ఉంటే, పారేసే ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఒక సాయంత్రం నడిపి చూడండి. వైఫై అందుకుంటుందా, పాట వినిపిస్తుందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తుందా చూడండి. తెలుగు కీబోర్డు పెట్టుకుని ‘క్ష్మ’, ‘స్త్రీ’ లాంటివి టైపు చేసి ఒత్తులు సరిగా పడుతున్నాయో లేదో గమనించండి. అన్నీ కుదిరి, డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కాలనిపిస్తే, ఫోటోలూ పత్రాలూ విడి డ్రైవ్‌లోకి ఎక్కించి, అవి వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే నొక్కండి. ‘ఎరేజ్ డిస్క్’ అని అడిగేది ఆ తర్వాతి తెరల్లోనే.