‘తీవ్ర ఇబ్బందులు’ అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది?

దమ్మాయిగూడ మీద వచ్చే చాలా వార్తలు ఒకే వాక్యంతో మొదలవుతాయి: ‘డంపింగ్ యార్డు దుర్గంధంతో స్థానికులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు.’ ఏళ్ల తరబడి ఇదే మాట. చదివే ఆఫీసరుకు అలవాటైపోయింది, మనకూ అలవాటైపోయింది. హైదరాబాద్ చెత్త చాలావరకు మన పక్కనే ఉన్న జవహర్‌నగర్‌కు వస్తుంది. యార్డు 300 ఎకరాలకు పైనే. చెత్తలోంచి కారిన నల్లటి నీళ్లు మల్కారం చెరువును పాడు చేశాయి. ఇంత సంగతి ‘తీవ్ర ఇబ్బందులు’ అనే రెండు మాటల్లో ఎక్కడ పడుతుంది?

మీలో చాలామంది మాకు వాట్సాప్‌లో వార్తలు పంపుతుంటారు. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసమే.

వాసన గురించి రాయాలంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. ఏ పూట ఎక్కువ? వాన పడ్డ మర్నాడు ఎలా ఉంటుంది? కూలర్ బయటి గాలినే లోపలికి లాగుతుంది కదా, ఎండాకాలం ఆ ఇంట్లో కూలర్ వేస్తున్నారా, ఆపుకొని కూర్చుంటున్నారా? సహెరీకి లేచినప్పుడు కిటికీ తెరుస్తారా? బోరు నీళ్లు దేనికి వాడుతున్నారు? తాగే నీళ్ల క్యాన్లు నెలకు ఎన్ని, ఎంత ఖర్చు? ఇవి రాస్తే ‘తీవ్ర’ అనే మాటతో పని ఉండదు. ‘ఇబ్బందులు’ అని రాస్తే అటు నుంచి ‘తగు చర్యలు తీసుకుంటాం’ అని జవాబు వస్తుంది. అరిగిపోయిన మాటకు అరిగిపోయిన మాటే బదులు. క్యాన్ల లెక్క ముందు పెడితే అంత తేలిగ్గా తప్పించుకోలేరు.

నేను చదివింది బీకాం. వోచర్ లేని ఎంట్రీని ఆడిటర్ ఒప్పుకోడు. వార్తలో వివరం అలాంటి వోచరే.

ఇక మన పండగ. ‘ముస్లిం సోదరులు భక్తిశ్రద్ధలతో ప్రార్థనలు చేసి, ఒకరినొకరు ఆలింగనం చేసుకున్నారు.’ ఊరి పేరు, సంవత్సరం మారిస్తే ఎక్కడికైనా సరిపోతుంది. అక్కాచెల్లెళ్లు పండగ చేసుకోరా ఏంటి? ఈసారి ఫిత్రా ఎంత లెక్కగట్టారు, ఈద్గాకు ఎంత దూరం పోయారు, షీర్ ఖుర్మా ఎన్నింటికి పొయ్యి ఎక్కింది, ఇవేవీ ఉండవు. పాతబస్తీ, బిర్యానీ లేకుండా మన గురించి రాయరని మనకు కోపం. నిజమే. కానీ మనం పంపే జల్సా వార్తల్లోనూ ‘అంగరంగ వైభవంగా’, ‘భారీగా తరలివచ్చారు’ అనే ఉంటుంది. భారీగా అంటే ఎంతమంది? రెండొందల కుర్చీలు వేస్తే నిండాయా?

చావు వార్తల్లో ఇది ఇంకా బాధగా ఉంటుంది. ‘రోదనలు మిన్నంటాయి’ అని మొదటిసారి రాసినవాడు మనసు పెట్టే రాసుంటాడు. ఇప్పుడు అది చదివి ఎవరి కళ్లూ తడవవు. అచ్చులో తరచూ కనిపించే ఉపమానాన్ని వాడొద్దని ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లోనే చెప్పాడు. గల్ఫ్‌లో చనిపోయిన మనిషి గురించైతే, మయ్యత్ శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు చేరడానికి ఎన్ని రోజులు పట్టింది, వీసాకు చేసిన అప్పు ఇంకా ఎంత మిగిలింది అన్నది రాయండి. ఇంకో కుటుంబం తమ అబ్బాయిని పంపేముందు అది చదువుతుంది.

అయితే వివరం కదా అని అన్నీ రాయకూడదు. లైంగిక దాడికి గురైన పిల్లల పేరే కాదు, ఇల్లు, బడి, కుటుంబం, బస్తీ, ఏ ఆనవాలూ బయట పెట్టకూడదని పోక్సో చట్టం సెక్షన్ 23 చెబుతుంది. జనాజా ఇంట్లో ఏడుస్తున్న ఆడవాళ్ల ఫోటో కూడా పంపకండి, మేం వేయం. కళ్లారా చూడనిది, ఎవరూ చెప్పనిది అందంగా ఉందని కలపడం అన్నిటికన్నా చెడ్డది.

వార్త పంపేటప్పుడు ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది, ఎంత ఖర్చు, మీకు ఎవరు చెప్పారు అన్నది రాయండి. భాష ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఉర్దూ కలిసినా సరే. మీ ఫోన్ నంబరు కూడా ఇవ్వండి, అనుమానం వస్తే ఫోన్ చేసి అడుగుతాం.