కౌన్సిల్ విధి తప్పితే ఖర్చు ఎవరిది?

మన దాతల్లో కొందరి పిల్లలు బ్రిటన్‌లో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అక్కడ హోటళ్లు, మాంసం దుకాణాలు, బడి వంటశాలలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడవలసిన బాధ్యత స్థానిక కౌన్సిళ్లది. మరి కౌన్సిలే ఆ పని సరిగా చేయకపోతే?

ఇది ఊరికే వేసిన ప్రశ్న కాదు. 2005లో దక్షిణ వేల్స్‌లో బడులకు సరఫరా అయిన వండిన మాంసం ద్వారా ఇ.కోలి ఓ157 వ్యాపించింది. 157 మంది జబ్బుపడ్డారు. ఐదేళ్ల బాలుడు చనిపోయాడు. దానిపై విచారణ జరిపిన ప్రొఫెసర్ హ్యూ పెనింగ్టన్ 2009లో నివేదిక ఇచ్చారు. ప్రధాన దోషం మాంసం వ్యాపారిదేనని చెబుతూనే, తనిఖీల్లోని లోపాలనూ ఆయన ఎత్తిచూపారు.

ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లకు వర్తించే 1990 నాటి ఆహార భద్రతా చట్టంలో 42వ సెక్షన్ ఇలాంటి వైఫల్యం కోసమే ఉంది. దాన్ని ప్రయోగించాలంటే రెండు విషయాలు తేలాలి. ఒకటి, కౌన్సిల్ తన చట్టబద్ధమైన విధిని నెరవేర్చలేదు. రెండు, దానివల్ల ప్రజల ప్రయోజనాలు దెబ్బతింటున్నాయి. ఇది తేల్చుకోవడానికి మంత్రి స్థానిక విచారణ జరిపించవచ్చు. ఆ తరువాత ఆ పనిని మరో కౌన్సిల్‌కు గాని, ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీకి గాని అప్పగిస్తూ ఉత్తర్వు ఇవ్వవచ్చు.

అప్పుడు పని చేసినవారు తమకైన ఖర్చును విధి తప్పిన కౌన్సిల్ నుంచే రాబట్టుకోవచ్చు. అయితే అది న్యాయంగా అయిన ఖర్చే అయి ఉండాలి. ఆ సొమ్మును కౌన్సిల్ తన మామూలు ఖర్చులకు నిధులు సమకూర్చుకున్నట్టే సమకూర్చుకోవాలి. మంత్రి అనుమతిస్తే అప్పు కూడా చేయవచ్చు. అంటే చివరికి ఆ భారం పన్ను కట్టే స్థానికుల మీదే పడుతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ సెక్షన్ కింద వచ్చే డబ్బు పనిచేసిన సంస్థల ఖర్చుకే చెందుతుంది. కలుషిత ఆహారం తిని జబ్బుపడినవారికి ఇందులో పైసా రాదు. వారు నష్టపరిహారం కోసం వేరుగా దావా వేసుకోవలసిందే.

అక్కడ క్రమం తప్పకుండా అన్నదానం చేసే సేవా సంస్థలు కూడా సాధారణంగా వంట మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే కౌన్సిల్ దగ్గర నమోదు చేసుకోవాలి. అక్కడి వంటశాలలకు విరాళం పంపే దాతలు నమోదు అయిందా, చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది అని అడగడంలో తప్పు లేదు. ఎవరి ఖర్చు ఎవరు భరించినా, పోయిన ప్రాణం తిరిగి రాదు కదా!