చిగుళ్ళ రక్తం ఏం చెబుతుంది?

పళ్ళు తోముకుని ఉమ్మినప్పుడు ఎప్పుడైనా ఎర్రని చార కనిపించిందా? 'బ్రష్షు గట్టిగా తగిలిందిలే' అని ఊరుకోకండి!

పూర్వం నెలల తరబడి సముద్రయానం చేసే నావికులకు స్కర్వీ అనే వ్యాధి వచ్చేది. చిగుళ్ళు వాచి రక్తం కారేది, పళ్ళు ఊడిపోయేవి. ఎందరో చనిపోయేవారు. 1747లో సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరేసి చొప్పున ఆరు జట్లుగా చేశాడు. అందరికీ భోజనం ఒకటే, మందు మాత్రం వేరు. ఒక జట్టుకు వెనిగర్, ఒక జట్టుకు సముద్రపు నీరు, ఇలా ఇచ్చాడు. రోజూ నారింజలు, నిమ్మకాయ తిన్న జట్టే అందరికంటే త్వరగా కోలుకుంది.

ఆ పండ్లలో ఏముంది? 1928లో హంగరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జి ఒక రసాయనాన్ని వేరుచేశాడు. అదే సి విటమిను అని 1932లో తేలింది. దానికి ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే 'స్కర్వీని పోగొట్టేది' అని పేరు పెట్టారు.

మన రక్తనాళాల గోడలకు బలాన్నిచ్చేది కొల్లాజెన్ అనే మాంసకృత్తి. అది మూడు పోగులు పేనిన తాడు వంటిది. సి విటమిను లేకపోతే ఆ పురి గట్టిగా నిలవదు. అప్పుడు చిగుళ్ళలోని సన్నని నాళాలు కొద్దిపాటి ఒత్తిడికే చిట్లుతాయి.

స్కర్వీ లేనివారి మాటేమిటి? 2021లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత పరిశోధనల ఫలితాలను కలిపి పరిశీలించారు. రక్తంలో సి విటమిను తక్కువగా ఉన్నవారికి, మెల్లగా తాకినా చిగుళ్ళ నుంచి రక్తం వచ్చే అవకాశం ఎక్కువని గమనించారు.

అలాగని ప్రతి రక్తపు చుక్కకూ ఇదే కారణం కాదు. పళ్ళ మొదళ్ళలో పేరుకునే పాచి వల్ల చిగుళ్ళు వాచి రక్తం రావడమే ఎక్కువ. కాబట్టి రక్తం వస్తోందని తోమడం మానకండి. మెత్తని బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోమండి. రక్తం ఆగకపోతే దంతవైద్యునికి చూపించండి.

మేక, కుక్క తమకు కావలసిన సి విటమినును తమ శరీరంలోనే తయారుచేసుకుంటాయి. మనకా శక్తి లేదు. అది ఆహారంలో అందవలసిందే. ఉసిరి, జామ, నిమ్మ దీనికి మంచి నిధులు. వేడికి ఇది నశిస్తుంది కనుక పులిహోరలో నిమ్మరసం పొయ్యి దించాకే పిండమని అమ్మకు చెప్పండి!