విమానం జిగురు కారెక్కింది

వెల్డింగుకు జాతి పట్టింపు ఎక్కువ. ఉక్కును ఉక్కుతో కలుపుతుంది. పక్కన చెక్కో ప్లాస్టిక్కో పెడితే కాల్చేస్తుంది. పోనీ రివెట్ కొడదామంటే రంధ్రం చెయ్యాలి, అక్కడ చెక్క పోగులు తెగుతాయి, భారమంతా ఆ రంధ్రం అంచు మీదే పడుతుంది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గరి డక్స్‌ఫర్డ్‌లో ఏరో రీసెర్చ్ అనే కంపెనీ నడిపిన నార్మన్ డి బ్రూయిన్ మూడో దారి పట్టాడు: లోహాన్ని పట్టే జిగురు.

1941 ప్రాంతంలో పుట్టిన దాని పేరు రిడక్స్. అందులోని ఫినాలిక్ రెజిన్ గట్టిదే కానీ పెళుసు. అందుకని లోహం మీద ఆ ద్రవం పూసి, పైన పాలీవినైల్ ఫార్మల్ పొడి చల్లి, వేడిచేస్తూ నొక్కేవారు. పొడి ఆ పెళుసుతనాన్ని విరిచేది. 1944లో తొలిసారి ఎగిరిన డి హావిలాండ్ హార్నెట్ రెక్కల్లో అల్యూమినియంను చెక్కకు పట్టి ఉంచింది ఇదే. ఆ తర్వాత కామెట్ జెట్ విమానంలోనూ చేరింది.

ఏరో రీసెర్చ్ స్విట్జర్లాండు కంపెనీ సీబా చేతికి వెళ్ళింది. కార్ల చట్రాల దాకా ఈ విద్య రావడానికి మాత్రం అర్ధశతాబ్దం పట్టింది. 1996 నాటి లోటస్ ఎలిస్ కారు చట్రం ఇపాక్సీ జిగురుతో అతికించిన అల్యూమినియం. బరువు 68 కిలోలే. వెల్డింగు సెగ తగలదు కాబట్టి లోహం మెత్తబడదు, గోడలు పలచగా ఉన్నా సరిపోతాయి. అయినా అక్కడక్కడా మరలు బిగించారు. ఎందుకంటే, సీసా మీది లేబుల్‌ను పక్కకు లాగితే కదలదు, అంచు పట్టి లేపితే ఊడొస్తుంది. జిగురు బలహీనతంతా అక్కడే.

అసలు పరీక్ష 2013లో, జర్మనీలోని లైప్‌జిగ్‌లో తయారైన బీఎమ్‌డబ్ల్యూ ఐ3 కారుతో. ప్రయాణికుల గది కార్బన్ పోగుల ప్లాస్టిక్, కింది చట్రం అల్యూమినియం. రెంటినీ జిగురుతోనూ బోల్టులతోనూ కలిపారు. కార్బన్, అల్యూమినియం తాకుతూ తడిస్తే చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియంను తినేస్తుంది. పైగా ఎండకు అల్యూమినియం సాగుతుంది, కార్బన్ పోగు దాదాపు సాగదు. కాబట్టి ఇలాంటి చోట మధ్యలోని జిగురు పొర రెంటినీ పట్టుకోవాలి, తాకనివ్వకూడదు, కాస్త సాగాలి కూడా. నా దృష్టిలో ఇంజను కన్నా కష్టమైన కొలువు ఇది.

ఇప్పుడు చిక్కు మరోవైపు నుంచి వచ్చింది. ఐరోపా సమాఖ్య నిబంధన ప్రకారం 2015 నుంచి పాతబడ్డ వాహనాల బరువులో కనీసం 85 శాతం తిరిగి వాడకానికో, రీసైక్లింగుకో వెళ్ళాలి. గట్టిగా అతుక్కున్న లోహాన్నీ ప్లాస్టిక్‌నూ విడదీయలేకపోతే ఆ లెక్క తేలడం కష్టం. అందుకే వేడి తగలగానే పట్టు వదిలే జిగురు కోసం పరిశోధకులు వెతుకుతున్నారు.