హోటళ్లకు కూరగాయలు: గంపకొక చీటి

పట్టణములలోని హోటళ్లకు దళారి లేక నేరుగా కూరగాయలు పంపవలెనని తలచు సభ్యులకు మా మనవి యిది. హోటలు యజమాని కోరునవి రెండు: సరుకు నిత్యము అందుట, తిన్నవారికి కీడు కలుగకుండుట. మొదటిదానికి పదిమంది రైతులు కూడిన చాలును. రెండవదానికి ఆ పదిమందియు ఒక్క కట్టుబాటున నిలువవలెను.

2011 సంవత్సరమున జర్మనీలో భోజనము మూలమున వ్యాధి ప్రబలి 50 మందికి పైగా మరణించిరి. అధికారులు మొదట స్పెయిను దేశపు కీరదోసకాయలను శంకించిరి. కొనువారు లేక అచ్చటి రైతుల పంట పాడయిపోయెను. పిమ్మట భోజనశాలలలో తిన్నవారిని విచారించి, సరుకు వచ్చిన లెక్కలను వెదకగా, దోషము మెంతి మొలకలదని తేలెను. అసలు మూలమును చూపినవి ఆ లెక్కలే. కాని స్పెయిను రైతులకు నష్టము అప్పటికే జరిగిపోయెను.

కావున ప్రతి గంపకును రైతు సంఖ్యయు, కోసిన తేదియు గల చీటి కట్టవలెను. మందు చల్లిన దినమును సంఘపు పుస్తకమున వ్రాయవలెను. డబ్బామీద చెప్పిన గడువు దాటనిదే కోయరాదు. మోనోక్రోటోఫాసును కూరగాయలపై చల్లుట మన దేశమున 2005లోనే నిషేధింపబడినది. కొత్తిమీర, పుదీనా మళ్లలో మాగని పేడ వేయరాదు. కోసిన ఆకును కాలువనీట గాక త్రాగు నీటనే కడుగవలెను.

మొదట ఒక్క హోటలుతో, రెండు మూడు కూరలతో ప్రారంభింపుడు. ఒక్కని గంపలోని దోషము పదిమంది బేరమును చెఱచును. చీటి యున్నచో మిగిలిన తొమ్మండుగురును నింద తప్పించుకొందురు.