రూట్ సర్టిఫికేట్ ఇన్‌స్టాల్ చేసే ముందు

ప్రభుత్వ వెబ్‌సైట్లతో పని ఉన్నవాళ్లకు ఈ సూచన ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది: ‘సైట్ తెరుచుకోకపోతే ఈ సర్టిఫికేట్ డౌన్‌లోడ్ చేసుకుని ఇన్‌స్టాల్ చేయండి.’ టెండరు వేసే కాంట్రాక్టరైనా, రిటర్ను దాఖలు చేసే వ్యాపారి అయినా ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ వెళ్తారు. పని పూర్తవుతుంది. అయితే ఆ నాలుగు నొక్కులతో కంప్యూటర్‌లో ఏం మారిందో తెలుసుకోవడం అవసరం.

వెబ్‌సైట్ చిరునామా ముందు ‘హెచ్‌టీటీపీఎస్’ ఉంటే బ్రౌజర్ రెండు పనులు చేస్తున్నట్టు. మనం పంపే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా గుప్తలిపిలోకి మారుస్తుంది. అంతకు ముందే, అవతల ఉన్నది నిజంగా ఆ సైటేనా అని తేల్చుకుంటుంది. రెండో పని జరగకపోతే మొదటిదానికి విలువ లేదు, ఎందుకంటే మన పాస్‌వర్డ్ భద్రంగా ప్రయాణించి మోసగాడికే చేరవచ్చు.

సైటును గుర్తించడానికి బ్రౌజర్ చూసేది సర్టిఫికేట్. అందులో సైట్ పేరు, దాని పబ్లిక్ కీ, గడువు తేదీ, జారీ చేసిన సంస్థ సంతకం ఉంటాయి. ఆదాయ ధ్రువపత్రాన్ని కింద ఉన్న తహసీల్దారు సంతకం చూసి నమ్మినట్టే, బ్రౌజర్ కూడా సంతకం చేసిన సంస్థను బట్టి సర్టిఫికేట్‌ను నమ్ముతుంది.

ఆ సంస్థకు మరో పై సంస్థ హామీ ఉంటుంది. అలా పైకి వెళ్తే చివర వచ్చేది రూట్ సర్టిఫికేట్. దాని మీద దాని సంతకమే ఉంటుంది, హామీ ఇచ్చేవారు ఇంకెవరూ ఉండరు. కంప్యూటర్‌లో ముందుగా భద్రపరిచిన జాబితాలో ఉండటమే దాని అర్హత. విండోస్‌కు, ఫైర్‌ఫాక్స్‌కు, క్రోమ్‌కు, అడోబ్ రీడర్‌కు ఇలాంటి జాబితాలు వేర్వేరుగా ఉన్నాయి.

మన దేశంలో డిజిటల్ సంతకాలకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఆధారం. ఆ చట్టం కింద ఏర్పడిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, అంటే సీసీఏ, దేశపు రూట్‌ను నిర్వహిస్తుంది. దాని లైసెన్సు పొందిన సంస్థలు జారీ చేసే సంతకానికి చట్టబద్ధత ఉంది. కానీ చట్టం గుర్తించిన ప్రతి రూట్‌నూ బ్రౌజర్లు తమ జాబితాలో చేర్చుకోవు. వాటి ఆడిట్లు, నిబంధనలు వేరు.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2014 జులైలో తెలిసింది. సీసీఏ కింద పనిచేసే నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) నుంచి గూగుల్ పేరు మీద అనధికార సర్టిఫికేట్లు జారీ అయ్యాయని జులై 2న గూగుల్ గమనించింది. మరునాడే సీసీఏ ఆ ఎన్‌ఐసీ సర్టిఫికేట్లను రద్దు చేసింది. సీసీఏ రూట్ అప్పట్లో మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండేది కాబట్టి విండోస్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ నకిలీలను అసలువిగానే తీసుకునేది. సొంత జాబితా ఉన్న ఫైర్‌ఫాక్స్‌కు ఆ ఇబ్బంది రాలేదు. ఆ తర్వాత, అప్పట్లో విండోస్ జాబితానే వాడిన క్రోమ్ సీసీఏ రూట్‌ను గవ్ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్ వంటి ఏడు డొమైన్లకే పరిమితం చేసింది.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఒక శాఖ సైటు కోసమని మనం రూట్ చేర్చినా, దాని అధికారం సాధారణంగా ఆ సైటుతో ఆగదు. ఆ రూట్ రహస్య కీ ఎవరి చేతిలో ఉంటే వారు మన బ్యాంకు పేరుతోనో, మన మెయిల్ పేరుతోనో సర్టిఫికేట్ సృష్టించగలరు. మన బ్రౌజర్ ఏ హెచ్చరికా చూపదు. పైగా, బహిరంగంగా గుర్తింపు పొందిన సంస్థల సర్టిఫికేట్లు అందరూ చూడగల లాగ్‌లలో నమోదై ఉండాలని క్రోమ్ పట్టుబడుతుంది. మనం చేతితో చేర్చిన రూట్‌కు ఆ నియమం వర్తించదు.

ఇది ఊహ కాదు. 2019 జులైలో కజకిస్థాన్‌లో ఇంటర్నెట్ కంపెనీలు ప్రభుత్వ రూట్‌ను ఇన్‌స్టాల్ చేసుకోమని వినియోగదారులకు చెప్పాయి. భద్రత కోసమే అన్నారు. ఫేస్‌బుక్, గూగుల్ వంటి సైట్లకు వెళ్లే సమాచారాన్ని మధ్యలో విప్పుతున్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఆగస్టులో గూగుల్, మొజిల్లా, ఆపిల్ ఆ రూట్‌ను తమ బ్రౌజర్లలో నిరోధించాయి.

కాబట్టి సూచన కనబడగానే ముందు అసలు సమస్య ఏమిటో చూడాలి. క్రోమ్ తన హెచ్చరికలోనే కారణం చెబుతుంది. ‘సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్’ అంటే గడువు తీరింది, లేదా మన కంప్యూటర్ గడియారం తప్పు. ‘కామన్ నేమ్ ఇన్‌వాలిడ్’ అంటే సర్టిఫికేట్ మరో పేరు మీద ఉంది. ఈ రెండింటికీ రూట్ మందు కాదు. ‘అథారిటీ ఇన్‌వాలిడ్’ అన్నప్పుడే జారీదారు ప్రశ్న వస్తుంది. అప్పుడు కూడా రూట్‌కూ సైటుకూ నడుమ ఉండే సంస్థ సర్టిఫికేట్‌ను సర్వర్‌లో పెట్టడం మరచిపోవడం కారణం కావచ్చు. దాన్ని సరిచేయాల్సింది సైట్ నిర్వాహకులే.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌పై పసుపు ప్రశ్నార్థకం కనబడటం వేరే సంగతి. సంతకం నకిలీదని దాని అర్థం కాదు, సంతకం మూలం అడోబ్ జాబితాలో లేదని అర్థం. సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో సంతకందారు సర్టిఫికేట్ తెరిచి, గొలుసు పైన సీసీఏ ఇండియా పేరుందో లేదో చూడండి. తర్వాత ట్రస్ట్ విభాగంలో నమ్మకమైన రూట్‌గా చేర్చవచ్చు. అక్కడ కనబడే జావాస్క్రిప్ట్, సిస్టమ్ అనుమతుల గడులకు టిక్ పెట్టకండి. ఈ మార్పు అడోబ్‌కే పరిమితం, బ్రౌజర్ జోలికి పోదు.

డిజిటల్ సంతకం టోకెన్ వాడేటప్పుడు 127.0.0.1 అనే చిరునామాకు హెచ్చరిక రావచ్చు. అది మన కంప్యూటర్ సొంత చిరునామా. పోర్టల్ అక్కడున్న సంతకం ప్రోగ్రాముతో మాట్లాడుతోందన్నమాట. సాధారణంగా ఆ ఒక్క చిరునామాకు మినహాయింపు ఇస్తే చాలు.

ఇవన్నీ చూశాక కూడా రూట్ చేర్చక తప్పదనుకుంటే ఒక క్రమం పాటించాలి. ఫైలును వాట్సాప్ నుంచో, ఏజెంటు పెన్‌డ్రైవ్ నుంచో తీసుకోకండి. జారీ చేసిన సంస్థ సొంత సైటు ఏ హెచ్చరికా లేకుండా తెరుచుకుంటే అక్కడి నుంచే తీసుకోండి.

విండోస్‌లో రూట్ చేర్చేటప్పుడు ఒక హెచ్చరిక పెట్టె వస్తుంది. ఈ సర్టిఫికేట్ నిజంగా ఆ సంస్థదేనని తాను నిర్ధారించలేనని విండోస్ అందులో చెబుతుంది, కింద థంబ్‌ప్రింట్ చూపుతుంది. సర్టిఫికేట్‌కు ప్రత్యేకమైన ఆ 40 అక్షరాలు, అంకెల వరుసను సంస్థ ప్రకటించిన దానితో చివరిదాకా పోల్చాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ‘నో’ నొక్కాలి. కంప్యూటర్ మొత్తానికి కాక మీ ఖాతాకే చేర్చుకోండి. పని ముగిశాక సెర్ట్‌ఎంజీఆర్ డాట్ ఎంఎస్‌సీ తెరిచి, ట్రస్టెడ్ రూట్ జాబితాలోంచి దాన్ని తీసేయండి.

ఇంత శ్రమ పౌరుడికి అసలు అక్కరలేదు. బ్రౌజర్లన్నీ గుర్తించే సర్టిఫికేట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. ప్రజల కోసం నడిచే సైటు వాళ్ల ఇంటి కంప్యూటర్ తాళం మార్చుకోమని అడగడానికి సాంకేతికంగా గానీ, ఖర్చు పరంగా గానీ సరైన కారణం లేదు. అలా అడిగే సైటు కనబడితే ‘ఇన్‌స్టాల్’ నొక్కే ముందు ఆ శాఖ సహాయ కేంద్రానికి రాయండి. సరిచేసుకోవాల్సింది మీ కంప్యూటర్ కాదు, వాళ్ల సర్వర్.