పర్వతయాత్రకు విద్యార్థి సన్నాహం

పర్వతారోహణం అనగానే మన మనస్సులలో ఒక మంచు శిఖరమూ, దానిపై రెపరెపలాడే జెండా మెదలుతాయి. ఆ జెండా అక్కడికి చేరడానికి ముందు నెలల తరబడి సాగే పని మాత్రం ఎవరి కంటా పడదు. చందా పుస్తకం పట్టుకొని నాలుగిళ్ళు తిరగడం, మంచులో నిలిచే బూట్లు ఎక్కడ దొరుకుతాయో విచారించడం, డేరా అద్దె ఎంతో కనుక్కోవడం, అన్నింటికీ మించి ఇంట్లో పెద్దలను ఒప్పించడం, ఇవన్నీ ఆరోహణంలో భాగాలే. కొండ ఎక్కడం కొద్ది రోజుల పని; కొండ పాదం వరకు చేరడం ఏడాది పని.

హైదరాబాదుకు ఉత్తరాన, కరీంనగరు రహదారి మీద ఉన్న శామీర్‌పేట చాలకాలంగా పెద్ద చెరువుకూ, జింకల వనానికీ పేరు పొందిన ఊరు. ఇటీవలి దశాబ్దాలలో అది విద్యార్థుల ఊరు కూడ అయినది. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అక్కడ ఉన్నది. 2008లో బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణం ఆ సమీపముననే మొదలయినది. ఇటువంటి చోట ఏ కుర్రవాడో, ఏ అమ్మాయో సెలవులలో హిమాలయాలకు పోవలెనని సంకల్పించడం వింత కాదు. ఆ సంకల్పం విన్న తండ్రికి వచ్చే మొదటి సందేహం, “డబ్బెక్కడిది?” అని, తల్లికి వచ్చే సందేహం, “క్షేమంగా తిరిగి వస్తావా?” అని. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్క చోటనే ఉన్నదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన తెలుగు పిల్లల సాహసాలలో అందరికీ తెలిసినది 2014వ సంవత్సరపు మే 25న జరిగినది. నాటి నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, నాటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ ఉదయం ఎవరెస్టు శిఖరంపై నిలిచారు. పూర్ణకు అప్పటికి పదమూడు సంవత్సరాల పదకొండు నెలలు. ఆ శిఖరాన్ని అధిరోహించిన బాలికలలో అంత చిన్న వయస్సు వారు అంతకు ముందు లేరు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి అప్పటికి ఇంకా ఎనిమిది రోజులు ఉన్నవి. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. ఇద్దరివీ కలిగిన కుటుంబాలు కావు. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు.

మరి ఖర్చు ఎవరు భరించారు? ఆ గురుకులాలను నడిపే ప్రభుత్వ సంస్థయే భరించినది. ఆ సంస్థకు అప్పుడు కార్యదర్శిగా ఉన్నవారు ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, శిక్షకులు శేఖర్‌బాబు బాచినేపల్లి. అయితే గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. సంస్థ మొదట ఇద్దరు పిల్లలను ఎంచుకొని వారికోసం ధనం కూర్చలేదు. గురుకులాలనుండి ఎన్నికైన పిల్లలకు ముందు భువనగిరి కొండపై శిక్షణ ఇప్పించినది. వారిలో నిలిచినవారిని డార్జిలింగుకూ, ఆ తరువాత వడగట్టినవారిని చలికాలపు లడాఖుకూ పంపినది. చివరకు ఇద్దరు మిగిలారు. అనగా ప్రతి మెట్టు వద్దా తక్కువ ఖర్చుతో పరీక్ష జరిగినది. పెద్ద ఖర్చు ఆ పరీక్షలన్నీ ముగిసిన తరువాతనే వచ్చినది. అంత చిన్న పిల్లలను అంత ఎత్తుకు పంపవచ్చునా అన్న చర్చ అప్పుడు జరుగకపోలేదు. నేపాలు వైపునుండి ఎక్కేవారికి పదహారేండ్లు నిండవలెనన్న నిబంధన ఉన్నందున వారు టిబెట్టు వైపునుండి ఎక్కారు. పూర్ణ అంతటితో ఆగక, 2022 నాటికి ఏడు ఖండాల ఉన్నత శిఖరాలనూ పూర్తి చేసినది.

దీనినుండి విద్యార్థి గ్రహింపవలసిన మొదటి పాఠం, చందాకు ముందు శిక్షణ అని. దాతకు ముందుగా చూపవలసినది శిఖరం ఛాయాచిత్రం కాదు, శిక్షణ పొందిన యోగ్యతాపత్రం. మన దేశంలో ఇందుకు మంచి సంస్థలు ఉన్నవి. ఎవరెస్టును 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీలు జయించిన మరుసటి సంవత్సరమే, 1954లో, డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ సంస్థ వెలసినది. 1965లో ఉత్తరకాశిలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఏర్పడినది. మనాలిలోనూ ఇటువంటి సంస్థ ఉన్నది. వీటిలో ప్రాథమిక శిక్షణ సుమారు నాలుగు వారాలు. భోజనం, బస, శిక్షణ కాలానికి కావలసిన సామగ్రి అక్కడనే లభిస్తాయి. ఒక బృందాన్ని కూర్చుకొని సొంతంగా శిఖరానికి పోయే ఖర్చుతో పోల్చితే ఈ రుసుము స్వల్పం. ఎన్.సి.సి.లో ఉన్న విద్యార్థులకు ఆ దళం ద్వారానే ఇటువంటి శిక్షణలకు పోయే అవకాశం ఉంటుంది. కనుక మొదటి యాత్ర ఈ శిక్షణయే కావలెను.

రెండవది, లెక్క. నోటిమాటగా “రెండు లక్షలు కావాలి” అంటే ఎవరూ నమ్మరు. ఒక కాగితంపై ఏడు పద్దులు వ్రాసుకోవలెను: రైలు, బస్సు ఛార్జీలు, శిక్షణ లేక అనుమతి రుసుము, మార్గదర్శకుని వేతనం, మూటలు మోసేవారి కూలి, ఆహారం, సామగ్రి, బీమా. చివర మొత్తంలో పదోవంతుకు తగ్గకుండా అనుకోని ఖర్చుల కింద చేర్చవలెను. కొండలలో వాన కురిసి దారి తెగినచో నాలుగు రోజులు అదనంగా ఉండవలసి వచ్చును; ఆ నాలుగు రోజుల తిండికి డబ్బు లేనివాడు అపాయకరమైన వేళలో బయలుదేరుతాడు. ధనం తక్కువైనప్పుడు మొదట కోయబడేవి బీమా, విశ్రాంతి దినాలు. నిజానికి కోయకూడనివి ఆ రెండే. తల్లి ప్రశ్నకూ, తండ్రి ప్రశ్నకూ సమాధానం ఒక్క చోటనే ఉన్నదని పైన అన్నది ఇందుకే. క్షేమం కూడ ఆ లెక్క కాగితంలోనే ఒక పద్దు.

ఇక ధనం ఎవరిని అడుగవలెను? పరాయివారిని అడుగుటకు ముందు తన చేతి సొమ్ము కొంత పెట్టవలెను. చిన్న పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించినది వెయ్యి రూపాయలైనా సరే, అది దాతకు విశ్వాసం కలిగిస్తుంది. తరువాత కళాశాల, పూర్వ విద్యార్థులు, ఊరిలోని సేవా సంఘాలు, వర్తకులు. పెద్ద మొత్తం ఒకరినుండి కోరుటకంటె చిన్న వస్తువు ఒక్కొక్కరినుండి కోరుట సుళువు. ఇందుకు మంచి దృష్టాంతం ఉన్నది. 1910లో కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువయాత్రకు బయలుదేరినప్పుడు ఇంగ్లండులోని పాఠశాలల పిల్లలు చందాలు పోగుచేసి గుర్రాలు, కుక్కలు, డేరాలు, పడక సంచులు ఇప్పించారు. ఆ వస్తువులకు ఆ పాఠశాలల పేర్లే పెట్టారు. “ఈ తాడు మీది, ఈ పొయ్యి మీది” అని చెప్పగలిగితే దాత కూడ యాత్రలో పాలుపంచుకున్నట్లే భావిస్తాడు. 1953 ఎవరెస్టు బృందానికి లండన్ టైమ్స్ పత్రిక ధనమిచ్చి, ప్రతిఫలంగా వార్తల హక్కు తీసుకొన్నది. విద్యార్థి కూడ తిరిగి వచ్చి పాఠశాలలో ఒక ఉపన్యాసం ఇస్తానని మాట ఇవ్వవచ్చును.

శామీర్‌పేట సమీపాన తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలో ఔషధ, జీవశాస్త్ర పరిశ్రమలు అనేకం ఉన్నవి. వాటిని ఆశ్రయించేవారు ఒక చట్టం సంగతి తెలుసుకోవలెను. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం, అయిదు కోట్ల రూపాయల నికర లాభం గాని, వేయి కోట్ల వ్యాపారం గాని, అయిదువందల కోట్ల నికర ఆస్తి గాని ఉన్న కంపెనీ తన సగటు లాభంలో నూటికి రెండు వంతులు సామాజిక కార్యాలకు వ్యయం చేయవలెను. అయితే ఈ ధనం చట్టంలో పేర్కొన్న కార్యాలకే చెందుతుంది. కంపెనీ స్వయంగా గాని, నమోదైన సంస్థ ద్వారా గాని వ్యయం చేయవలెను. ఒక విద్యార్థి వ్రాసిన ఉత్తరానికి ఆ ఖాతానుండి సొమ్ము రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అదే విధంగా, ఆదాయపు పన్నులో మినహాయింపు నమోదైన సంస్థలకిచ్చిన విరాళాలకే గాని, వ్యక్తికిచ్చిన సొమ్ముకు లభించదు. కనుక కళాశాల ద్వారానో, నమోదైన సంఘం ద్వారానో అడగడమే మేలు. విదేశాలలోని మనవారు పంపే సొమ్ము విషయంలోనూ జాగ్రత్త అవసరం. భారత పౌరుడుగా ఉన్నవాడు తన సొంత సంపాదనలోనుండి బ్యాంకు ద్వారా పంపినది ఒక తీరు. విదేశ పౌరసత్వం తీసుకొన్నవాడు పంపినది వేరొక తీరు. రెండవది 2010 నాటి విదేశీ విరాళాల చట్టం పరిధిలోనికి రావచ్చును. తెలిసినవారిని విచారించిన తరువాతనే స్వీకరించవలెను.

సామగ్రి విషయానికి వస్తే, అన్నీ కొనవలెనన్న భ్రమ వదలవలెను. కొనవలసినవి, అద్దెకు తేవలసినవి, ఎరువు అడగదగినవి అని మూడు విభాగాలు చేసుకోవచ్చును. బూట్లు మాత్రం తప్పక సొంతంగా కొనవలెను. పాదానికి పాదానికి తేడా ఉంటుంది. పరుల బూటు బొబ్బలు తెస్తుంది. వాటిని కూడ ప్రయాణానికి కనీసం నెల ముందే కొని, తొడిగి నడిచి మెత్తబరచుకోవలెను. ఒంటికి అంటుకొనే లోపలి దుస్తులూ, మేజోళ్ళూ సొంతవే ఉండవలెను. మంచు గొడ్డలి, బూట్ల అడుగున బిగించే ఇనుప ముళ్ళు, డేరా, పడక సంచి అద్దెకు దొరుకుతాయి. ఢిల్లీలోని భారత పర్వతారోహణ సంస్థ యాత్రా బృందాలకు సామగ్రిని అద్దెపై ఇస్తుంది. వీపు సంచి, నీళ్ళ సీసా, టార్చిలైటు స్నేహితులవద్ద అడిగి తెచ్చుకోవచ్చును. జుమ్మెరాత్ బజారు వంటి పాత వస్తువుల సంతలలో గిన్నెలూ, ఉన్ని కోట్లూ చవకగా దొరకవచ్చును.

అయితే పాతవి కొనరాని వస్తువులు కొన్ని ఉన్నవి. తాడు, నడుముకు కట్టుకొనే పట్టీ, తలకు పెట్టుకొనే రక్షక టోపీ, ఈ మూడూ ప్రాణానికి సంబంధించినవి. నైలాను తాడు ఎండకు బలహీనపడుతుంది; ఇసుక రేణువులు లోపలికి దూరి పోగులను కోస్తాయి; బ్యాటరీలోని ఆమ్లం సోకితే పైకి ఏ మచ్చా కనబడకుండానే చెడవచ్చును. దాని చరిత్ర తెలియనప్పుడు అది ఉచితంగా వచ్చినా తీసుకోరాదు. దుస్తులలో నూలు పనికిరాదు. చెమటతో తడిసిన నూలుబట్ట త్వరగా ఆరదు, ఒంటి వేడిని లాగివేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. ఒక మందమైన కోటుకంటె మూడు పల్చని పొరలు మేలు: లోపల చెమట పీల్చేది, నడుమ వెచ్చనిది, పైన గాలివానలను ఆపేది. ఎక్కేటప్పుడు ఒకటి తీసి, ఆగినప్పుడు మరల తొడుగుకొనవచ్చును. ఈక సంచి తేలికయినది, వెచ్చనిది. కాని తడిసిందా, పనికిరాదు. తిండిలో మన పల్లీపట్టీలు, నువ్వుల ఉండలు, అటుకులు చాల ఉపయోగకరం. వాటిని ఇంటిలో చేయించుకొంటే ఖర్చూ తగ్గును, అమ్మకు తానూ సహాయం చేశానన్న తృప్తీ మిగులును.

ధనంతో కొనలేనిది దేహదార్ఢ్యం. ఇది శామీర్‌పేటలోనే ఉచితంగా లభిస్తుంది. వీపు సంచిలో నీళ్ళ సీసాలు పెట్టుకొని చెరువు పరిసరాలలో ఉదయం గంటసేపు నడవవలెను. బరువు అయిదు కిలోలతో మొదలుపెట్టి వారం వారం పెంచవలెను. మెట్లు ఎక్కిన తరువాత సీసాలలోని నీరు మొక్కలకు పోసి దిగితే మోకాళ్ళకు భారం తగ్గుతుంది. మన దక్కను గ్రానైటు బండలు రెండువందల యాభై కోట్ల సంవత్సరాల నాటివి, చూడగానే ఎక్కాలనిపిస్తుంది. కాని గురువు, తాడు లేకుండా వాటిపైకి పోరాదు. భువనగిరిలో ఏకశిల కొండపై చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన కోట ఉన్నది. పూర్ణ, ఆనంద్ మొదట శిలారోహణం నేర్చినది ఆ కొండమీదనే.

హిమాలయాలలో ఎనిమిదివేల అడుగులు దాటిన తరువాత, రాత్రి పడుకొనే చోటు ముందు రోజుకంటె సుమారు పదహారువందల అడుగులకు మించి ఎత్తుగా ఉండరాదని వైద్యులు చెప్తారు. మూడు నాలుగు రోజులకొకమారు విశ్రాంతి తీసుకోవలెను. తలనొప్పి, వాంతి ఉన్నప్పుడు పైకి పోరాదు, తగ్గకపోతే దిగవలెను. ఇక్కడనే చందా డబ్బు ఒక చిక్కు తెస్తుంది. ఇందరు ఇంత ఇచ్చారు, శిఖరం చేరకుండా ఎట్లా తిరిగి పోవడం అన్న సిగ్గు ఆరోహకుని ముందుకు తోస్తుంది. అందుకే అభ్యర్థన పత్రంలోనే వ్రాయవలెను: “వాతావరణం గాని ఆరోగ్యం గాని అనుకూలింపనిచో వెనుకకు వస్తాము.” ఆ మాటకు సమ్మతించని దాత ధనం స్వీకరించరాదు. ఇల్లు, పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు మరింత బరువు; అది విద్యార్థి వీపుమీద మోయలేని మూట.

నెల్లూరు జిల్లా గాంధీజనసంగంలో పుట్టి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలను ఎక్కిన మేటి. అటువంటివాడు కూడ 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్ళి ప్రతికూల వాతావరణంలో చిక్కుకొన్నాడు. ఏప్రిల్ మొదటివారంలో ఆయన దేహం కనబడినది. నేర్పరితనం ఎంత ఉన్నా కొండ ముందు మనిషి చిన్నవాడే. బీమా తీసుకొనేటప్పుడు ఆ పత్రంలో ఎంత ఎత్తువరకు రక్షణ ఉన్నదో, తాళ్ళతో ఎక్కే ఆరోహణం చేరినదో లేదో, హెలికాప్టరు ఖర్చు ఇస్తారో లేదో చదువవలెను. సాధారణ ప్రయాణ బీమా చాలవరకు వీటిని మినహాయిస్తుంది.

తిరిగి వచ్చిన తరువాత ఒక పని మిగిలి ఉంటుంది. వచ్చినది ఎంత, వ్యయమైనది ఎంత, మిగిలినది ఏమి చేసినది దాతలందరికీ వ్రాసి పంపవలెను. మిగిలిన డబ్బును, ఇంకా పనికివచ్చే డేరానూ పొయ్యినీ కళాశాలలో ఉంచితే, మరుసటి ఏడు బయలుదేరే విద్యార్థికి సగం భారం తీరుతుంది. ఈ సంవత్సరం ఒకరు తెచ్చిన వస్తువు వచ్చే సంవత్సరం మరొకరి భుజానికెక్కితే, ఏ ఇంటి పిల్లవాడైనా, పేదవాడైనా, కొండ పాదం వరకు చేరగలడు. తరువాత ఎక్కడమన్నది అతని కాళ్ళ పని.